పందెం బండి కథలు – 12: నిలబడ్డ కారు లెక్క

1903లో పారిస్ నుంచి మాడ్రిడ్‌కు బయల్దేరిన పందెం బోర్డో దగ్గరే ఆగిపోయిన సంగతి పోయిన భాగంలో చూశాం. దారి పొడుగునా చూడవచ్చిన జనం పోయారు, డ్రైవర్లు పోయారు, లూయీ రెనో అన్న మార్సెల్ కూడా అందులోనే పోయాడు. ఆ దెబ్బతో ఊరి నుంచి ఊరికి పరుగెత్తే పందేలకు కాలం చెల్లింది. దారిని మూసేసి, జనాన్ని పక్కకు కట్టడి చేసి, అదే దారి చుట్టూ కార్లను తిప్పే పద్ధతి బలపడింది.

ప్రాణభయంతో చేసుకున్న ఈ మార్పు ఎవరూ అనుకోని ఇంకో పని చేసిపెట్టింది. ఊరికీ ఊరికీ మధ్య పరుగెత్తే కారుకు టైరు ఎక్కడ పేలితే అక్కడే దిక్కు. చుట్టూ తిరిగే కారు అలా కాదు, ఎంత దూరం పోయినా మళ్లీ అదే చోటికి వస్తుంది. వచ్చే చోటు తెలిశాక అక్కడ టైర్లు పేర్చి పెట్టుకోవచ్చు, పెట్రోలు డబ్బాలు దించుకోవచ్చు, మనుషుల్ని నిలబెట్టుకోవచ్చు. పిట్ అనే చోటు పుట్టింది ఇందులోంచే.

ఆ చోట ఇవాళ జరిగే పని మీరు టీవీలో చూసే ఉంటారు. 2023 అక్టోబరులో ఖతార్‌లో మెక్‌లారెన్ జట్టు లాండో నోరిస్ కారుకు నాలుగు టైర్లూ మార్చి పంపడానికి పట్టింది 1.80 సెకన్లు. (అదే ఏడాది ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ పందానికి వెళ్లినవాళ్లకు ఈ వినోదం దక్కలేదు. అవి బ్యాటరీ కార్లు. ఆ పందెంలో టైర్ల కోసం, ఇంధనం కోసం ఆగే పనే లేదు.) 1906లో ఒక్క టైరు మార్చడానికి పావుగంట పట్టేది. పావుగంట రెండు సెకన్ల లోపుకు దిగిందంటే అది పరికరాల మహిమ అనుకోవడం సులువు. నాకు అది సగం కథే అనిపిస్తుంది. నిలబడి ఉన్న కారుకు కూడా గడియారం నడుస్తూనే ఉంటుందని పందెం మనుషులు గట్టిగా నమ్మడానికి దాదాపు అరవై ఏళ్లు పట్టింది. మిగతా సగం ఆ ఆలస్యం కథ.

1906 జూన్ 26. ఫ్రాన్స్‌లో లె మాన్ ఊరి బయట ముక్కోణంగా సాగే 103 కిలోమీటర్ల దారి. రోజుకు ఆరు చుట్లు, రెండు రోజులు, మొత్తం 1,238 కిలోమీటర్లు. ఫ్రాన్స్ ఆటోమొబైల్ క్లబ్బు గ్రాండ్ ప్రి పేరుతో జరిపిన మొదటి పందెం ఇదే. పొద్దున ఆరింటి నుంచి తొంభై సెకన్లకొకటి చొప్పున 32 కార్లను వదిలారు. నియమాల్లో ఒకటి మరీ కఠినమైనది. కారుకు ఏమొచ్చినా డ్రైవరూ, అతని పక్కన కూర్చున్న మెకానిక్కూ తప్ప మూడో మనిషి చెయ్యి వెయ్యకూడదు. పిట్‌లో పదిమంది ఉన్నా చేతులు కట్టుకుని చూడాల్సిందే.

దుమ్ము లేవకుండా ఉండాలని రోడ్డుకు తారు పూశారు. ఆ రెండు రోజులూ ఎండ మండిపోయింది. కరిగిన తారు ముందు కారు చక్రాల నుంచి లేచి వెనక వాళ్ల మొహాన పడింది. రెనో డ్రైవరు ఎడ్మండ్ కళ్లద్దాలు పగిలి, తారు లోపలికి కారుతుంటే, పిట్ దగ్గర ఆగి వేరే కళ్లద్దాలు అడిగాడు. పందెం మధ్యలో సామాను మార్చుకోవడానికి వీల్లేదన్నారు అధికారులు. పోనీ ఇంకో డ్రైవరును ఎక్కిస్తామంటే దానికీ ఒప్పుకోలేదు. ఆ కళ్లతోనే ఇంకో రెండు చుట్లు తిరిగి, ఇక చేతగాక వదిలేశాడు.

ఆ తారులో, రాళ్లలో టైర్లు వరసగా పేలాయి. అప్పట్లో రిమ్ము చక్రానికే అంటుకుని ఉండేది, విడిగా ఊడేది కాదు. టైరు పోతే కత్తి తీసి దాన్ని రిమ్ము మీదే కోసి లాగేసేవాళ్లు. రోడ్డు పక్కన మోకాళ్ల మీద కూర్చుని కొత్త ట్యూబు, కొత్త టైరు ఇనప పలకలతో ఎక్కించి, గాలి నింపి, మళ్లీ ఎక్కి కూర్చోవాలి. ఇద్దరు మనుషులు, పావుగంట. పన్నెండు గంటల పందెంలో ఇలా ఎన్నిసార్లు!

మిష్లిన్ కంపెనీ ఆ ఏడాది ఒక ఉపాయం తెచ్చింది. టైరు ముందే ఎక్కించి, గాలి ముందే నింపి ఉంచిన రిమ్ము. నట్లు విప్పి పాతది లాగి, కొత్తది తోసి బిగిస్తే సరి. నాలుగు నిమిషాల లోపే పని అయిపోయేది. అయితే ఒక్కో చక్రానికి తొమ్మిది కిలోల అదనపు బరువు. కారు వెయ్యి కిలోలు దాటకూడదని నియమం. అప్పటికే ఆ అంచున ఉన్న కొన్ని కంపెనీలు ఈ రిమ్ములు పెట్టుకోలేకపోయాయి. రెనో, ఫియట్ పెట్టుకున్నాయి. రెనో నడిపిన ఫెరెంక్ సిస్ హంగేరీ వాడు, ఒకప్పుడు లూయీ రెనో పక్కన కూర్చున్న మెకానిక్కే. రెండో రోజు పొద్దున, రాత్రంతా తాళంలో ఉంచిన కారును బయటికి తెచ్చి అతను చేసిన మొదటి పని ముందుకు దూకడం కాదు, ఆగి టైర్లు మార్చుకోవడం, పెట్రోలు పోసుకోవడం. చివరికి 12 గంటల 14 నిమిషాల్లో పందెం ముగించాడు. రెండో స్థానంలో ఫియట్‌తో వచ్చిన నజారో అతనికి 32 నిమిషాల వెనక ఉన్నాడు. కారు వేగం కన్నా టైరు మార్చే వేగమే ఆ మొదటి గ్రాండ్ ప్రిని తేల్చిందంటే అతిశయోక్తి కాదు. విచిత్రం ఏమిటంటే, అందరూ అందులోంచి రిమ్ము సంగతి నేర్చుకున్నారు గానీ నిమిషాల సంగతి నేర్చుకోలేదు.

రెండేళ్ల తర్వాత 1908లో డియెప్‌లో పందెం జరిగినప్పుడు గ్యాలరీ ముందు రోడ్డు పక్కన ఒక కందకం తవ్వి, జట్ల సామాన్లూ మనుషుల్నీ అందులో పెట్టారు. మెకానిక్కు నడుము దాకా నేలలో ఉంటాడు, గ్యాలరీలో కూర్చున్న పెద్దమనుషుల చూపుకు అడ్డం రాడు. పిట్ పనివాడికి ఆ రోజుల్లో ఇచ్చిన విలువ ఎంతో ఆ గుంట లోతే చెబుతుంది. 1925 నుంచి గ్రాండ్ ప్రి కార్లలో డ్రైవరు పక్కన మెకానిక్కును ఎక్కించడం ఆపేశారు. అంతకు ముందు ఏడాది స్పెయిన్‌లో అలా కూర్చున్న ఒకతను చనిపోయాడు. దాంతో చేతిపనంతా పిట్‌లో ఉన్నవాళ్ల మీద పడింది.

ఆ పనికి క్రమశిక్షణ అంటూ నేర్పినవాడు మెర్సిడెస్ జట్టు మేనేజరు ఆల్‌ఫ్రెడ్ నాయ్‌బావర్. భారీ మనిషి, పెద్ద బొజ్జ, నెత్తిన టోపీ, చేతిలో జెండా, మెడలో స్టాప్‌వాచీ. తను కూడా ఒకప్పుడు పందేల్లో కారు నడిపినవాడే. డ్రైవరుకు పిట్ నుంచి పలకలూ జెండాలతో సంగతులు చెప్పే పద్ధతి పెట్టింది ఇతనే. అంతవరకూ తాను ఎన్నో స్థానంలో ఉన్నాడో పందెం అయ్యేదాకా డ్రైవరుకు సరిగ్గా తెలిసేది కాదు. మెకానిక్కుల చేత టైర్ల మార్పిడి పదే పదే చేయించి, వాచీ పట్టుకుని లెక్క కట్టేవాడు.

ఆ కసరత్తు ఎంత పనికొచ్చిందో 1935 జులై 28న నూర్‌బుర్గ్‌రింగ్‌లో జనం కళ్లారా చూశారు. 22.8 కిలోమీటర్ల కొండదారి, 22 చుట్లు. మెర్సిడెస్, ఆటో యూనియన్ కార్లు తొమ్మిది. వాటి ముందు పాతబడిన ఆల్ఫా రోమియోతో టాజియో నువొలారి, 42 ఏళ్ల ఇటలీ వాడు. సగం పందెంలో అందరూ పెట్రోలుకు ఆగారు. మెర్సిడెస్ పిట్‌లోంచి ఫాన్ బ్రాఖిచ్ 47 సెకన్లలో బయటికొచ్చాడు. ఆల్ఫా పిట్‌లో పెట్రోలు కొట్టే పంపు చెడిపోయింది. డబ్బాలెత్తి గరాటుతో పోయాల్సి వచ్చింది. రెండు నిమిషాల 14 సెకన్లు. నువొలారి పిట్‌లో గంతులు వేశాడని, అరిచాడని చెబుతారు. ఆరో స్థానానికి పడిపోయి, అక్కడి నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ, చివరి చుట్టులో బ్రాఖిచ్ టైరు పేలితే పందెం గెలిచేశాడు. నాజీ పెద్దలంతా గ్యాలరీలో కూర్చుని ఉండగా! ఇటలీ వాళ్లకు ఇది వీరగాథ. నాయ్‌బావర్ వైపు నుంచి చూస్తే మాత్రం వేరే పాఠం కనబడుతుంది. 47 సెకన్లు సంపాదించిపెట్టిన ఆధిక్యమంతా అరిగిపోయిన ఒక్క టైరుతో పోయింది. ఆ టైరు మార్చడానికి ఇంకోసారి ఆగి ఉంటే?

యుద్ధం తర్వాత కార్లు మారాయి, డ్రైవర్లు మారారు. పిట్ మాత్రం రోడ్డు పక్కనే ఉండిపోయింది. రోడ్డు పక్క అంటే నిజంగానే పక్క. పరుగెత్తే కార్లకూ ఆగి ఉన్న కార్లకూ మధ్య గోడ ఉండేది కాదు. లె మాన్‌లో 1955 జూన్ 11 సాయంత్రం మైక్ హాతోర్న్ జాగ్వార్ పెట్రోలు కోసం పిట్ ముందు వేగం తగ్గించింది. వెనక వస్తున్న ఆస్టిన్-హీలీ దాన్ని తప్పించుకోవడానికి పక్కకు తిరిగింది. దాని వెనక మహావేగంతో వస్తున్న లెవెగ్ మెర్సిడెస్ దాని మీదికెక్కి గాల్లోకి లేచి, ముక్కలై, మండుతూ ఎదురుగా ఉన్న జనంలో పడింది. లెవెగ్‌తో పాటు ఎనభై మందికి పైగా చనిపోయారు. మోటారు పందేల చరిత్రలో ఇంతకంటే ఘోరం ఇంకోటి లేదు. తప్పు ఎవరిదన్న వాదన ఇప్పటికీ తెగలేదు. నాకు తోచింది ఒక్కటే. అది పిట్ దగ్గర మొదలైన ప్రమాదం. కారు ఆగే చోటును ఎవరూ పందెంలో భాగంగా చూడలేదు కాబట్టే దానికి వేరే దారి ఉండాలని ఎవరికీ తట్టలేదు. ఆ తర్వాత లె మాన్‌లో పిట్‌లను కూల్చి వెనక్కి జరిపి కట్టారు. స్విట్జర్లాండ్ అయితే ఇలా చుట్టూ తిరిగే పందేలనే నిషేధించింది.

1957 ఆగస్టు 4. మళ్లీ నూర్‌బుర్గ్‌రింగ్, మళ్లీ 22 చుట్లు. ఈసారి మజరాటీలో హువాన్ మాన్యుయెల్ ఫాంజియో, వయసు 46. ఎదురుగా ఫెరారీలతో హాతోర్న్, పీటర్ కాలిన్స్. ఫెరారీలు ట్యాంకు నిండా పోసుకుని, గట్టి టైర్లతో ఆగకుండా పోవాలనుకున్నాయి. మజరాటీ వాళ్లు తెలివైన లెక్క వేసుకున్నారు. ట్యాంకు సగమే నింపాలి. బరువు తక్కువ కాబట్టి మెత్తటి టైర్లు వాడొచ్చు, కారు మలుపుల్లో బాగా పట్టుకుంటుంది. అలా అరనిమిషం ముందుకెళ్లి, పన్నెండో చుట్టులో ఆగి, పెట్రోలూ వెనక టైర్లూ మార్చుకుని, ముందుండగానే బయటికి రావాలి.

లెక్కలో తప్పు లేదు. పన్నెండో చుట్టుకు ఫాంజియో దాదాపు అరనిమిషం ముందున్నాడు. ఆగాడు, దిగాడు. ఒక మెకానిక్కు చక్రం నట్టు విప్పి కింద పడేశాడు. అది దొర్లుకుంటూ కారు కిందికి పోయింది. ఎక్కడుందో కనబడలేదు. వెతికారు. ఆ వెతుకులాటతో ఆగిన సమయం అనుకున్నదానికంటే బాగా పెరిగిపోయింది. ఫెరారీలు రెండూ వెళ్లిపోయాయి. ఫాంజియో బయటికొచ్చేసరికి వాటికి ముప్పావు నిమిషానికి పైగా వెనకబడి ఉన్నాడు.

ఆ తర్వాత జరిగింది పందేలు తెలిసినవాళ్లందరికీ కంఠతా వచ్చు. మిగిలిన పది చుట్లలో తొమ్మిదిసార్లు రికార్డు బద్దలు కొట్టాడు. ఇరవయ్యో చుట్టు 9 నిమిషాల 17.4 సెకన్లు. తనే ముందు ఏడాది పెట్టిన రికార్డు కంటే ఇరవై నాలుగు సెకన్లు తక్కువ. ఇరవై ఒకటో చుట్టులో కాలిన్స్‌నీ హాతోర్న్‌నీ దాటి 3.6 సెకన్ల తేడాతో గెలిచాడు. అయిదో ప్రపంచ టైటిలు, ఫార్ములా వన్‌లో ఆఖరి గెలుపు. దీన్ని మించిన డ్రైవింగు లేదని రాసిన పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. ఒప్పుకుంటాను. అయితే ఆ మహత్తరమైన డ్రైవింగంతా దేనికి? కింద పడ్డ నట్టు వల్ల వచ్చిన నష్టం పూడ్చడానికి. నట్టు చేతిలోనే ఉండి ఉంటే ఫాంజియో హాయిగా ముందుండి గెలిచేవాడు, ఈ కథ ఎవరికీ గుర్తుండేది కాదు. మజరాటీ దగ్గర లెక్క ఉంది, చెయ్యి లేదు. యూరప్ దాన్ని వీరగాథగా చెప్పుకుంది తప్ప, నట్టు జారకుండా ఏం చెయ్యాలని అడగలేదు.

ఆ ప్రశ్న అడిగినవాళ్లు అట్లాంటిక్‌కు అవతల, వర్జీనియా రాష్ట్రంలో బ్లూ రిడ్జ్ కొండల కింద స్టువార్ట్ అనే చిన్న ఊళ్లో ఉన్నారు. వుడ్ కుటుంబం అన్నదమ్ములు. పెద్దవాడు గ్లెన్ కలప కొట్టి అమ్మే వ్యాపారం చేసేవాడు, 1950లో పాత కారు కొని వారాంతపు పందేలకు దిగాడు. తమ్ముడు లియోనార్డ్ చేతిలో యంత్రాల విద్య ఉంది. మిగతా తమ్ముళ్లు, బంధువులు, ఊళ్లో స్నేహితులు పిట్‌లో నిలబడేవాళ్లు. పగలు ఎవరి పని వాళ్లది, సాయంత్రం షెడ్డులో కారు పని.

వాళ్లు ఆడే నాస్కార్ పందేలకు యూరప్ గ్రాండ్ ప్రిలతో పోలికే లేదు. అవి చూడ్డానికి మామూలు కార్లలాంటి బరువైన బండ్లు, గుండ్రంగా వాలుగా కట్టిన ట్రాకులు, అయిదువందల మైళ్ల దూరం. ఒక పందెంలో నాలుగైదు సార్లు ఆగక తప్పదు. ఆగినప్పుడు జాకీతో ఒక పక్క లేపాలి, చక్రానికి అయిదేసి నట్లు విప్పాలి, బిగించాలి, భుజం మీద మోసుకొచ్చిన డబ్బాతో పెట్రోలు పోయాలి. అందరూ ఈ సమయాన్ని విరామంలాగే చూసేవాళ్లు. డ్రైవరు నీళ్లు తాగుతాడు, అద్దం తుడుస్తారు, మళ్లీ వెళ్తాడు. ట్రాకు మీద కారు అర సెకను సంపాదించాలంటే ఇంజనుకు ఎంత ఖర్చవుతుందో, ఎన్ని రాత్రులు పడుతుందో లియోనార్డ్‌కు తెలుసు. అదే కారు నిలబడ్డ చోట ఇరవై సెకన్లు ఊరికే పోతున్నాయని అతనికి కనబడింది. అవి ఏరుకోవడానికి ఇంజను అక్కర్లేదు, ఓపిక చాలు.

మొదట జాకీ పట్టాడు. అప్పటి జాకీ బరువుగా ఉండేది, కారు లేవాలంటే పిడిని చాలాసార్లు ఆడించాలి. దాన్ని విప్పి, కొద్ది ఊపులకే కారు లేచేలా మార్చాడు. నట్లు బిగించే గన్నును విప్పి వేగం పెంచాడు. ఆ తర్వాత మనుషులు. ఎవరు ఏ వైపు నుంచి వస్తారు, టైరు ఏ చేతిలో ఉంటుంది, జాకీ వాడు ముందా గన్ను వాడు ముందా, కాలు ఎక్కడ పెట్టాలి. ఒకరికొకరు తగలకుండా, ఒక్క అడుగు వృథా కాకుండా ముందే అనుకుని, అలాగే మళ్లీ మళ్లీ చేశారు. మిగతా జట్లు ముప్పావు నిమిషం నిలబడే చోట వీళ్లు అందులో సగం సమయానికి దిగారు. పందేల్లో ఇతర జట్ల వాళ్లు వీళ్ల పిట్ వైపు తిరిగి చూడ్డం మొదలుపెట్టారు.

ఈ అన్నదమ్ముల లెక్క ఎంత సూక్ష్మమో 1963 డేటోనా 500లో బయటపడింది. వాళ్ల డ్రైవరు మార్విన్ పాంచ్ కొద్ది రోజుల ముందు ఇంకో కారు నడుపుతూ బోల్తా పడి మంటల్లో చిక్కుకున్నాడు. లాగి బయటికి తీసినవాళ్లలో టైనీ లండ్ ఒకడు. పేరుకే టైనీ, భారీ విగ్రహం. డేటోనాకు కారు దొరుకుతుందేమోనని వచ్చి తిరుగుతున్న డ్రైవరు. ఆసుపత్రి మంచం మీద నుంచి పాంచ్ నా కారు అతనికివ్వండి అన్నాడు, వుడ్ సోదరులు ఇచ్చారు. ఫిబ్రవరి 24న లండ్ మిగతా వాళ్ల కంటే ఒకసారి తక్కువ ఆగి, మొదటి నుంచి చివరిదాకా ఒకే జత టైర్లతో తిరిగి, ఆఖర్లో పెట్రోలు అడుగంటుతుండగా గీత దాటి గెలిచాడు. సినిమా కథలా ఉందని అందరూ లండ్ గురించి రాశారు. వేగంగా ఆగడం తెలిసినవాళ్లకు ఎప్పుడు ఆగకూడదో కూడా తెలుసన్నది నాకు ఇందులో నచ్చిన భాగం.

రెండేళ్లకు ఫోర్డ్ కంపెనీ వాళ్లను ఒక కొత్త చోటికి పిలిచింది. ఇండియానాపొలిస్ 500. ఫోర్డ్ ఇంజను పెట్టిన లోటస్ కారుతో స్కాట్లండ్ డ్రైవరు జిమ్ క్లార్క్ అప్పటికి రెండేళ్లుగా అక్కడ గెలవాలని చూస్తున్నాడు. ఈసారి అతను ముందురోజు జరిగే మొనాకో గ్రాండ్ ప్రిని కూడా వదులుకుని వచ్చాడు. ఫోర్డ్‌కు కారు మీద, డ్రైవరు మీద అనుమానం లేదు, పిట్ మీదే. లోటస్ అధిపతి కోలిన్ చాప్‌మన్ జట్టు ఇంగ్లండ్ మెకానిక్కులు నిపుణులే గానీ, ఆగి పోసుకునే పందేలు వాళ్లకు అలవాటు లేదు. యూరప్ పందేల్లో అప్పటికి కార్లు ఆగడమే మానేశాయి. ట్యాంకు, టైర్లు రెండూ పందెం మొత్తానికీ సరిపోయేవి.

పైగా ఆ ఏడాది ఇండియానాపొలిస్‌లో నియమాలు కొత్తవి. 1964 పందెం రెండో చుట్టులోనే పెట్రోలు మంటల్లో డేవ్ మక్‌డొనాల్డ్, ఎడ్డీ సాక్స్ చనిపోయారు. దాంతో పెట్రోలు పోయి మిథనాలు వచ్చింది. ఒత్తిడితో ఇంధనం కొట్టడం నిషేధించారు. ఎత్తు మీద పెట్టిన ట్యాంకు నుంచి దానంతటదే కిందికి దిగాలి. ప్రతి కారూ కనీసం రెండుసార్లు ఆగి తీరాలి. మిథనాలు త్వరగా ఖర్చయిపోతుంది కాబట్టి ఆగినప్పుడల్లా దాదాపు రెండువందల లీటర్లు పోయాలి. భూమ్యాకర్షణతో రెండువందల లీటర్లు దిగాలంటే ఎంత సేపు?

గొట్టం, మూత, కవాటం, ట్యాంకు నోరు ఒక్కోదాన్నీ చూసుకోవడంతోనే లియోనార్డ్ మొదలుపెట్టాడు. ద్రవం ఎక్కడ అడ్డుపడుతోంది, ఎక్కడ సుడి తిరుగుతోంది, ఎక్కడ ఒక అంచు గరుకుగా ఉంది. అవన్నీ నునుపు చేసి, కలిపే చోట్లు సులువుగా పట్టేలా చేశారు. కొండ ఊళ్ల నుంచి వచ్చిన ఈ మనుషుల యాస లోటస్ వాళ్లకు అంతుపట్టలేదు, వీళ్లకు వాళ్లదీ అంతే. పనిలో ఆ ఇబ్బంది రాలేదు.

1965 మే 31. ఆకుపచ్చ రంగు మీద పసుపు చారతో 82వ నంబరు లోటస్ పిట్‌లోకి వచ్చింది. గొట్టాలు తగిలాయి. ఇరవై సెకన్లకు కారు వెళ్లిపోయింది. చూసినవాళ్లకు నమ్మకం కలగలేదు. ఏదో పొరపాటు జరిగింది, ట్యాంకు నిండి ఉండదు, కాసేపట్లో మళ్లీ వస్తాడని ఎదురుచూశారు. రాలేదు. రెండోసారి రావలసినప్పుడే వచ్చాడు. రెండుసార్లూ కలిపి నిలబడ్డది ముప్పావు నిమిషం లోపే. 200 చుట్లలో 190 చుట్లు క్లార్కే ముందున్నాడు, రెండో స్థానంలో వచ్చిన పార్నెలీ జోన్స్‌కు దాదాపు రెండు నిమిషాలు ముందు గెలిచాడు. ఇంజను వెనక ఉన్న కారు అక్కడ గెలవడం అదే మొదటిసారి. అందుకే చరిత్ర పుస్తకాలు ఆ పందాన్ని ఇంజను కథగా రాస్తాయి. స్టువార్ట్ ఊరివాళ్లు సామాను సర్దుకుని తమ నాస్కార్ పందేలకు తిరిగి వెళ్లిపోయారు.

అమెరికాలో ఈ విద్య అక్కడి నుంచి పాకింది. యూరప్ ఇంకో పదిహేడేళ్లు కదల్లేదు. ఫార్ములా వన్‌లో కారు ఆగిందంటే వాన పడినట్టో, టైరు పోయినట్టో, ఇంజను చచ్చినట్టో. 1982లో బ్రబామ్ జట్టు డిజైనరు గోర్డన్ మర్రీ కాగితం మీద లెక్క వేసేదాకా ఇదే పరిస్థితి. దక్షిణాఫ్రికా డర్బన్‌లో పుట్టినవాడు, పొడుగు జుట్టు, మాసిన టీషర్టు, ఎదురులేని బుర్ర. అతని జట్టుకు ఆ ఏడాది బీఎండబ్ల్యూ టర్బో ఇంజను వచ్చింది. బలం ఎక్కువ, దాహం ఇంకా ఎక్కువ. పందెం మొత్తానికీ పోస్తే నూటయాభై కిలోల పైగా పెట్రోలు మోసుకు తిరగాలి. సగమే పోస్తే? కారు తేలికవుతుంది, చిన్నదవుతుంది, మెత్తటి టైర్లు పెట్టొచ్చు. ఇదంతా 1957లో మజరాటీ వేసిన లెక్కే. మర్రీ ఇంకో అడుగు వేశాడు. పిట్‌లోకి రావడానికి వేగం తగ్గించిన క్షణం నుంచి మళ్లీ పూర్తి వేగం అందుకునేదాకా మొత్తం 26 సెకన్లకు మించి పోకూడదు. దాటితే నష్టం, లోపలుంటే లాభం. ఆ 26లో నిలబడే సమయానికి మిగిలేది కొద్దిగానే.

ఆ కొద్ది కోసం జట్టు చేసిన ఏర్పాట్లు చూడండి. కారు అడుగున గాలి జాకీలు ఉన్నాయి, గొట్టం తగిలిస్తే కారు తనంతట తానే లేస్తుంది. ఇంధనాన్ని పీపాల్లో నింపి గాలి ఒత్తిడితో కొడితే కొన్ని సెకన్లలో ట్యాంకు నిండుతుంది. అన్నిటికన్నా నాకు ముచ్చటగా అనిపించేది టైర్ల పెట్టె. చల్లటి కొత్త టైర్లతో బయటికెళ్తే అవి వేడెక్కి పట్టు దొరికేలోపు ఒకటి రెండు చుట్లలో సంపాదన అంతా పోతుంది. అందుకని చెక్కతో బీరువాలాంటిది చేసి, లోపల వేడిగాలి పెట్టి, టైర్లను కాచి ఉంచారు. రొట్టెలు కాల్చే పొయ్యిలాంటిది పిట్‌లో పెట్టుకున్నారేమిటని మిగతా జట్లు నవ్వుకున్నాయి. మెకానిక్కుల కసరత్తును వీడియో తీసి, ఎక్కడ ఎవరు ఆగారో మళ్లీ మళ్లీ చూసి సరిదిద్దుకున్నారు. వాళ్ల పెద్ద మెకానిక్కు చార్లీ వైటింగ్. ముందుముందు ఫార్ములా వన్ పందేలన్నీ నడిపే అధికారి అయ్యేది ఇతనే.

అన్నీ సిద్ధం. కారే పిట్ దాకా రాలేదు! జులై 18న బ్రాండ్స్ హాచ్‌లో జట్టు డ్రైవర్లిద్దరిలో రికార్డో పత్రేసే కారు మొదట్లోనే నిలిచిపోయింది, నెల్సన్ పికే ముందుండగా తొమ్మిదో చుట్టుకే ఇంధనం పంపు పని చెడి ఆగిపోయాడు. వారం తర్వాత ఫ్రాన్స్‌లో ఇద్దరి ఇంజన్లూ పోయాయి. ఆగస్టు 8న హాకెన్‌హైమ్‌లో పికే హాయిగా ముందున్నాడు, ఇక ఆగబోతాడనగా చుట్టు వెనకబడిన సలాసర్ కారు తగిలి ఇద్దరూ బయటికి పోయారు. పికే దిగి, హెల్మెట్ తియ్యకుండానే సలాసర్‌ను గుద్దాడు, తన్నాడు. టీవీలో ప్రపంచమంతా చూసింది. ఆ కోపంలో ఎంత భాగం ప్రమాదం మీదో, ఎంత భాగం నెలరోజుల కసరత్తు మళ్లీ వృథా అయినందుకో చెప్పలేం.

ఆగస్టు 15న ఆస్ట్రియాలో చివరికి ఆగింది. ముందున్న పత్రేసే పిట్‌లోకి వచ్చి, టైర్లూ ఇంధనమూ మార్చుకుని, ముందుండగానే బయటికెళ్లాడు. మర్రీ లెక్క అక్షరాలా నిజమైంది. కొన్ని చుట్లకే ఆ ఇంజనూ పోయింది, పందెం లోటస్ గెలిచింది. అయినా ఆ పూట పిట్ గోడ మీద కూర్చున్న ప్రతి మేనేజరుకూ విషయం అర్థమైంది. 1983లో దాదాపు అన్ని జట్లూ పీపాలూ గొట్టాలూ కొనుక్కున్నాయి. మర్రీ ఇంకా ముందుకెళ్లి చిన్న ట్యాంకుకు సరిపడే కారే గీశాడు. దానితో పికే ఆ ఏడాది ప్రపంచ విజేత అయ్యాడు.

ఒత్తిడితో పెట్రోలు కొట్టడాన్ని అమెరికా వాళ్లు 1964 మంటల తర్వాత ఎందుకు మానేశారో ఈ హడావుడిలో ఎవరూ గుర్తు చేసుకున్నట్టు లేదు. 1983 మార్చి 13, బ్రెజిల్‌లో ఏడాది మొదటి పందెం. కిందటి ఏడాది విజేత కేకే రోస్‌బర్గ్ పిట్‌లోకి వచ్చాడు. గొట్టం తీస్తుంటే చిమ్మిన ఆవిరి భగ్గుమంది. రోస్‌బర్గ్ కారులోంచి దూకాడు. మెకానిక్కులు మంట ఆర్పారు. మళ్లీ ఎక్కమన్నారు, ఎక్కాడు, తోసి ఇంజను పుట్టించారు, వెళ్లి రెండో స్థానంలో వచ్చాడు. తోసినందుకు ఆ స్థానం తీసేశారు. దాన్ని మూడోవాడికీ ఇవ్వలేదు, ఖాళీగానే ఉంచారు. మంట గురించి మాత్రం ఆ పూట ఎవరికీ శిక్ష పడలేదు.

1984 నుంచి పందెం మధ్యలో ఇంధనం పొయ్యడం ఫార్ములా వన్‌లో నిషేధం. ఒక్కో కారుకు 220 లీటర్లు, అంతే. టైర్ల మార్పిడి మిగిలింది, పెట్రోలు కోసం నిలబడే పని లేకపోవడంతో అది ఏటేటా వేగం పుంజుకుంది. మర్రీ కాచిన టైర్ల పెట్టె కాస్తా విద్యుత్తు దుప్పట్లుగా మారి అందరి పిట్‌లలోకీ చేరింది. పదేళ్లు ఇలా గడిచాక, పందేలు రక్తి కట్టడం లేదని 1994లో పెట్రోలు గొట్టాన్ని మళ్లీ తెచ్చారు. ఆ జులైలో హాకెన్‌హైమ్‌లో యోస్ వెర్‌స్టాపెన్ బెనెటన్ కారు ఆగిన చోట ఏం జరిగిందో, ఆ గొట్టంలోంచి ఒక జల్లెడ ఎందుకు మాయమైందో వచ్చే భాగంలో.